మా గోడ రెండడుగులు వెనక్కి

అధ్యక్షులు గారికి, కాలనీ పెద్దలకి, అమ్మలకి నమస్కారం. కొత్త పార్కు గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. పార్కు బాగుంది. ఇక నేను అరుగు గురించి మాట్లాడతాను.

మాది నెల్లూరు మూలాపేట. రెండు గదుల ఇల్లు, ముందు కడప బండలు పరిచిన అరుగు. పొద్దున అమ్మ అక్కడే బియ్యం ఏరేది. మధ్యాహ్నం పక్కింటి అవ్వ కునుకు తీసేది. కునుకని పేరేగానీ ఒక కన్ను వీధి మీదే. నేను బడి ఎగ్గొట్టి మాట్నీకి పోతే నాకంటే ముందు ఆ కబురు ఇంటికి చేరేది. ఆమె మీద ఎంత కోపమో నాకు!

అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లో ఇదే రాసింది. వీధికి అసలు కాపలా పోలీసులు కాదు, అక్కడ ఉండేవాళ్ల కళ్లేనని. ఆవిడది న్యూయార్కు, మా అవ్వది మూలాపేట. అంతే తేడా.

ఇప్పుడు మన కాలనీ. ఆరడుగుల గోడలు, ఇనుప గేట్లు. పోయిన వానాకాలం మా ఇంటావిడ గేటు బయట జారిపడింది. నేను మేడ మీదున్నా. అరగంట అట్లే ఉండిపోయింది. తర్వాత కెమెరాలో చూశాం. రెండు కార్లు పోయినాయి, అద్దాలు ఎత్తుకోని. ఎదురింట్లో లైటు వెలుగుతానే ఉంది. కెమెరా అంతా చూసింది. చూసి ఏం లాభమండీ, వచ్చి చెయ్యి అందిస్తుందా?

వెనక వాళ్లకి వినపడతా ఉందా? ఎవర్నీ తప్పు పట్టడం లేదు నేను. మా గోడా ఆరడుగులే.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూడండి. కోరిక తీరినోళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుంటారు. ముక్కూమొహం తెలియనోళ్లు! ఎట్లా కుదురుతుంది? నిలబడను అందరికీ ఒక చోటు ఉంది గనక.

పాత అరుగులు కాలవ మీదికొచ్చాయని కొట్టేశారు. మాదీ పోయింది. పూడిక తియ్యాలి, తప్పదు, ఒప్పుకుంటా. అందుకే పోయిన నెల మా గోడే రెండడుగులు లోపలికి జరిపించి, బయట బండ వేయించా. "స్థలం పోగొట్టుకుంటారా సార్?" అని మేస్త్రీ నవ్వాడు. మొదట గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి కూర్చున్నాడు. తర్వాత స్కూలు బస్సు కోసం ఒక తల్లి. మొన్న ఎదురింటాయన. పదకొండేళ్లుగా ఎదురుబదురే ఉన్నాం. ఆయనది ఉదయగిరి అని మొన్న తెలిసింది నాకు.