ఎడారిలోకి దిగే ముందు టైర్లలో గాలి ఎంత తీయాలి?

అందరికీ నమస్కారం. టైమ్ ఉదయం ఆరున్నర. దుబాయ్ నుంచి హత్తా వెళ్లే రోడ్డు పక్కన అల్ బదాయర్‌లో ఉన్నాం. నా వెనక కనిపిస్తున్న ఎర్రటి పెద్ద దిబ్బని ఇక్కడ అందరూ బిగ్ రెడ్ అంటారు. సెలవు రోజుల్లో మన తెలుగువాళ్ల బండ్లు కూడా ఇక్కడికి బాగానే వస్తాయి. అందుకే ఈ వీడియో ఇక్కడే తీస్తున్నాను.

నేను మొదటిసారి ఈ ఇసుకలోకి దిగినప్పుడు వంద మీటర్లు కూడా పోలేదు, బండి కూరుకుపోయింది. ఫోర్ బై ఫోర్ వేశాను, లో గేర్ వేశాను. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రాలు గుంత తవ్వుకుంటూ ఇంకా కిందికి దిగాయి. ముగ్గురం పారతో గంటసేపు తవ్వాం. అప్పుడు అటుగా వెళ్తున్న ఒక ఎమిరాతీ పెద్దాయన ఆగారు. ఆయన పార అడగలేదు, తాడు అడగలేదు. నేరుగా టైర్ దగ్గర కూర్చుని వాల్వ్ మూత తీశారు. నాలుగు టైర్లలోనూ గాలి సగానికి పైగా తీసేసి, మేం వచ్చిన జాడలోనే బండిని వెనక్కి నడిపి బయటికి తెచ్చారు. మొత్తం పావుగంట పని. ఇసుకలో బండి నడిచేది ఇంజిన్ బలంతో కాదు, టైర్‌లో గాలిని బట్టి అని నాకు అప్పుడే అర్థమైంది.

ఎందుకలా అవుతుందో చూద్దాం. మీ బండి బరువు 2000 కిలోలు అనుకోండి. ఒక్కో చక్రం మీద సుమారు 500 కిలోలు పడుతుంది. టైర్‌లో 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) గాలి ఉంటే, అంత బరువు మోయడానికి టైర్ దాదాపు 200 చదరపు సెంటీమీటర్ల మేర నేలని తాకితే సరిపోతుంది. అంటే వేళ్లతో సహా మన చేతి అచ్చు కంటే కొంచెం పెద్దది, అంతే. అదే 15 పీఎస్ఐకి దించితే అది 470 దాకా పెరుగుతుంది. లెక్కలో తేడా కొంచెం ఉంటుంది, ఎందుకంటే టైర్ పక్కగోడలు కూడా కాస్త బరువు మోస్తాయి. కానీ నేలని తాకే చోటు బాగా పెరుగుతుందన్నది మాత్రం ఖాయం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాలి తీస్తే టైర్ పక్కలకి వెడల్పు అవుతుందని చాలామంది అనుకుంటారు. వెడల్పు కొంచెమే పెరుగుతుంది. ఎక్కువ పెరిగేది పొడవు, ముందుకీ వెనక్కీ. ఇదిగో, కెమెరా కిందికి తెస్తున్నాను, చూడండి. ఈ ముందు టైర్‌లో ఇంకా 35 ఉంది, వెనక టైర్‌లో 15 ఉంది. రెండూ ఇసుకలో వేసిన అచ్చులు పోల్చి చూడండి. వెనకది ఎంత పొడుగ్గా ఉందో! ఒంటె పాదం నేల మీద పెట్టగానే పరుచుకుంటుంది, చూశారు కదా. ఇదీ అంతే.

సరే, పని మొదలుపెడదాం. ముందు డ్రైవర్ డోర్ తెరిచి, పక్కన ఉండే స్టిక్కర్ చూడండి. తారు రోడ్డు మీద మీ బండికి ఎంత గాలి ఉండాలో అక్కడ రాసి ఉంటుంది. టైర్ మీద అచ్చువేసిన నంబర్ చూసి గాలి పట్టించకండి, అది ఆ టైర్ తట్టుకోగల గరిష్ఠం. ఇక్కడి బండ్లలో స్టిక్కర్ మీద బార్‌లోనో కిలోపాస్కల్‌లోనో ఉండొచ్చు. 35 పీఎస్ఐ అంటే సుమారు 2.4 బార్, అంటే 240 కిలోపాస్కల్. మనం దించబోయేది ఇంచుమించు 1 బార్‌కి. అలా గుర్తుపెట్టుకుంటే సులువు.

బండిని గట్టినేల మీద, తిన్నగా ఆపండి. వాల్వ్ మూత తీసి జేబులో వేసుకోండి, ఇసుకలో పెడితే దొరకదు. డిఫ్లేటర్, అంటే గాలి తీసే చిన్న పరికరం, ఉంటే బిగించండి. లేకపోతే చిన్న పుల్లతోనో తాళంచెవి మొనతోనో వాల్వ్ మధ్యలో ఉన్న పిన్ నొక్కి పట్టుకోండి. ఇలా అయితే ఒక్కో టైర్‌కి కనీసం రెండు మూడు నిమిషాలు పడుతుంది. కంగారు పడకండి. మొదట్లో గాలి జోరుగా పోతుంది, ఒత్తిడి తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. అందుకే సెకన్లు లెక్కపెట్టి అన్ని టైర్లూ ఒకేలా వచ్చాయనుకోవద్దు, మధ్యమధ్యలో గేజ్ పెట్టి చూడండి. నాలుగు టైర్లకీ ఒకే గేజ్ వాడండి. ఒక గేజ్‌కీ ఇంకో గేజ్‌కీ రెండు పీఎస్ఐ తేడా ఉండటం మామూలే. 35 దగ్గర ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు, 13 దగ్గర అదే తేడా ప్రమాదం.

నైట్రోజన్ పట్టించాం, తీసేయాలా అని అడుగుతుంటారు. తీసేయండి. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. తర్వాత మామూలు గాలి కొట్టినా ఏమీ కాదు.

కొత్తగా వచ్చినవాళ్లకి నేను చెప్పేది 15. ఇరవై అంగుళాల రిమ్, సన్నటి పక్కగోడ ఉన్న టైర్లయితే 18 దగ్గర ఆగండి. అలాంటి టైర్ వంగడానికి చోటే ఉండదు, రిమ్ దెబ్బతింటుంది.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే విషయం, వేడి. ఇంటి నుంచి గంటసేపు హైవే మీద వచ్చారు, టైర్లు వేడెక్కి ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు 35 పెట్టింది ఇప్పుడు 39 చూపించొచ్చు. ఆ వేడిలోనే 15కి దించి టీ తాగుతూ కూర్చున్నారనుకోండి. టైర్లు చల్లబడ్డాక అదే 13 అవుతుంది. అందుకే నేను మొదట 17 దగ్గర ఆపుతాను. పదిహేను ఇరవై నిమిషాలు ఆగి, మళ్లీ గేజ్ పెట్టి, అప్పుడు 15 సరిచేస్తాను. డాష్‌బోర్డ్‌లో టైర్ ప్రెషర్ లైట్ వెలుగుతుంది. దానికి టెన్షన్ పడకండి, గాలి తగ్గిందని చెప్పడమే దాని పని.

గాలి తీశాక బండి నడిపే తీరు మారాలి. టైర్ అంచుని బీడ్ అంటారు, లోపల ఉక్కు తీగలుంటాయి. దాన్ని రిమ్‌కి అదిమిపెట్టి ఉంచేది లోపలి గాలే. గాలి తగ్గించి, వేగంలో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే, ముఖ్యంగా దిబ్బ ఏటవాలులో, టైర్ రిమ్ నుంచి ఊడొస్తుంది. అలా ఊడినప్పుడు రిమ్ ఇసుకలో దిగబడి బండి పల్టీ కొట్టే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మలుపులు పెద్దగా, నిదానంగా తీసుకోండి. బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, కాలు తీస్తే ఇసుకే బండిని ఆపుతుంది.

అయినా కూరుకుపోతే? చక్రం ఒకచోటే తిరుగుతోందని తెలిసిన క్షణం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. దిగి, 12కి దించండి. టైర్ల వెనక పేరుకున్న ఇసుక చేత్తో తీసి, మీరు వచ్చిన జాడలోనే వెనక్కి రండి. అక్కడ ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది. కొందరు 10 దాకా కూడా దించుతారు. అది బయటపడే ఆ కొన్ని మీటర్లకే. గట్టినేల చేరగానే మళ్లీ 15కి కొట్టాలి.

అన్ని చోట్లా ఇదే లెక్క పనిచేయదు. హత్తా దగ్గర వాదీల్లో, అంటే ఎండిన వాగుల్లో, రాళ్లు ఎక్కువ. అక్కడ 15తో పోతే బయటికి ఉబ్బిన పక్కగోడ రాయి మొనకి చీలిపోతుంది, దానికి పంక్చర్ వేయడం కుదరదు. అక్కడ 22 నుంచి 25 సరిపోతుంది. మారేడుమిల్లి, పాడేరు వైపు ఏజెన్సీ రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకీ నేను ఇదే చెబుతాను. ఇక సబ్ఖా, అంటే ఉప్పు నేల. పైన ఎండిన పొరలా కనిపిస్తుంది, కింద బురద. దాంట్లోకి దిగొద్దు. ఎంత గాలి తీసినా లాభం లేదు.

మన సముద్ర తీరంలో ఇసుక మీద నడపొచ్చా అని ఊరి నుంచి తమ్ముళ్లు అడుగుతుంటారు. వద్దు నాన్నా. మన కోస్తా ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. మన చక్రం కింద ఏముందో మనకి కనిపించదు.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. ఎడారి దాటి తారు రోడ్డు ఎక్కే ముందే గాలి కొట్టాలి. తక్కువ గాలితో హైవే మీద పోతే పక్కగోడ ప్రతి చుట్టుకీ వంగి లేస్తూ వేడెక్కుతుంది, చివరికి పేలుతుంది. ఇక్కడి ఎండలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ వెంట లేకుండా గాలి తీసి లోపలికి పోవద్దు. ఒంటరి బండితో కూడా పోవద్దు, కనీసం రెండు బండ్లు ఉండాలి.

పెద్ద కంప్రెసర్‌ని సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెడితే ఫ్యూజ్ పోతుంది. బానెట్ తెరిచి, బ్యాటరీకే నేరుగా క్లిప్పులు పెట్టండి. ఎర్రది ప్లస్, నల్లది మైనస్. ఇంజిన్ ఆన్‌లో ఉంచండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. రెండు టైర్లు అయ్యాక కంప్రెసర్‌ని కాసేపు చల్లారనివ్వండి. వేడెక్కితే చాలావాటిలో అదే ఆగిపోతుంది, పాడైందనుకుని భయపడొద్దు.

ఈ నాలుగోది కూడా అయిపోయింది. గేజ్ 35 చూపిస్తోంది. ఇసుకలో తిరిగి టైర్లు వేడిగా ఉన్నాయి కాబట్టి, రేపు పొద్దున బండి తీయకముందు మళ్లీ చూస్తాను. రెండు పీఎస్ఐ తక్కువ చూపించొచ్చు, అప్పుడు కలుపుకుంటాను. మూతలు నాలుగూ బిగించేశాను. పదండి, రోడ్డెక్కుదాం.