సెమీకాన్ ఆగిన చోట
(విజయనగరంలో పాలిటెక్నిక్ విద్యార్థులకు, కేబుళ్లు కలిపే జాయింటర్లకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో జాయింటర్ తమ్ముళ్లు కూర్చున్నారు. నేను తప్పు మాట్లాడితే అక్కడే ఆపేయండి, మొహమాటం వద్దు.

నాకు తగిలిన దెబ్బతో మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందట చీపురుపల్లి వైపు ఒక ఫ్యాక్టరీకి 33 కేవీ కేబుల్ వేశాం. చివరి టెర్మినేషన్, అంటే కేబుల్ కొస కట్టు, నా చేత్తోనే కట్టాను. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ బ్రహ్మాండంగా చూపించింది. ఛార్జ్ చేశాం, స్వీట్లు పంచారు. ఐదో నెలలో ఒక రాత్రి రెండింటికి ఢామ్మని పేలింది. తెల్లారాక ట్యూబులు కోసి చూస్తే, సెమీకాన్, అంటే కాస్త కరెంటు పారే నల్ల పొర, ఆగిన చోట ఇన్సులేషన్ చుట్టూ ఒక గాటు. నా కత్తి గాటే. గోరుతో తడిమితే తప్ప తెలియదు. దాని నుంచి లగ్గు (కండక్టరు కొసన బిగించే లోహపు తొడుగు) వైపు ఎండిపోయిన చెట్టు కొమ్మల్లా నల్లటి గీతలు పాకిపోయాయి. మెగ్గర్‌ని ఏమనగలం? అలాంటి గాటు దానికి కనపడదు.

ఎందుకు పేలిందో అర్థం కావాలంటే ఈ ముక్క చూడండి. మధ్యలో కండక్టరు, దాని మీద తెల్లటి ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ ఇన్సులేషన్, ఆపైన నల్లటి సెమీకాన్ పొర, దాని మీద ఎర్త్‌కి కలిపే కాపర్ టేపు. 33 కేవీ అన్నది రెండు ఫేజుల మధ్య లెక్క; ఎర్త్‌తో పోలిస్తే లోపల 19 వేల వోల్టులు, బయట సున్నా. మధ్యలో ఇన్సులేషన్ మందం 8.8 మిల్లీమీటర్లు. అంటే సగటున మిల్లీమీటరుకు రెండు వేల పైచిలుకు వోల్టులు. కేబుల్ పొడవునా ఈ ఒత్తిడి చుట్టూ సమానంగా ఉంటుంది, బండి చక్రం ఆకుల్లాగ. అక్కడ ఏ గొడవా లేదు.

గొడవంతా మనం కోసిన దగ్గరే. లగ్గు పెట్టాలంటే సెమీకాన్‌ని కొంత దూరం ఒలిచేయక తప్పదు. అలా ఒలవగానే, ఎర్త్ కోసం వెతుక్కునే విద్యుత్ ఒత్తిడి (ఫీల్డ్) గీతలన్నీ ఆ సెమీకాన్ అంచు మీదకే వచ్చి పడతాయి. సిరిమానోత్సవం రోజు మన మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడ్డవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వెడల్పు రోడ్డులో జనం ఎంతమంది ఉన్నా నడిచిపోతారు. సందు మొదట్లో ఊపిరాడదు. జనం అంతే, ఇరుకు ఒక్కటే మారింది. ఇన్సులేషన్‌ని చంపేది కూడా మొత్తం వోల్టేజీ కాదు, అది ఒక్క చోట గుమిగూడడం.

ఇది తెలియని రోజుల్లో నేనూ అందరిలాగే అనుకున్నాను: అనుమానంగా ఉంటే నాలుగు చుట్లు టేపు ఎక్కువ వేద్దాం, బలం వస్తుంది అని. రాదు. చుట్ల మధ్య గాలి చిక్కుకుంటుంది, నా కత్తి గాటులో చిక్కినట్టే. ఎక్స్‌ఎల్‌పీఈ పర్మిటివిటీ, అంటే ఫీల్డ్‌ని తనలో తగ్గించుకునే గుణం, 2.3, గాలిది 1. కాబట్టి ఫీల్డ్‌కి అడ్డంగా పడిన సన్నని గాలి పొరలో ఒత్తిడి రెండింతలు దాటిపోతుంది, మిల్లీమీటరుకు దాదాపు అయిదు వేల వోల్టులు. మామూలు గాలి ఓర్చుకునేది మూడు వేలు. మరీ సన్నని సందుల్లో ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని నేనైతే నిద్రపోను. లోపల చిన్న చిన్న మెరుపులు మొదలవుతాయి. వాటినే పార్షియల్ డిశ్చార్జి అంటాం. చెదపురుగు దూలాన్ని తిన్నట్టు నెలల తరబడి తింటాయి.

మరి చేయాల్సిందేమిటి? ఆ గుంపును విడదీయాలి. పాత పద్ధతిలో సెమీకాన్ అంచు నుంచి గరాటులా వెడల్పవుతూ పోయే ఆకారం కడతారు. అదే స్ట్రెస్ కోన్. ఎర్త్ మెల్లగా కండక్టరు నుంచి దూరం జరుగుతుంది, గీతలు విచ్చుకుంటాయి. ఇప్పుడు రబ్బరుతో పోతపోసినవే దొరుకుతున్నాయి. వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ కిట్లలో దారి వేరు. అందులోని నల్ల ట్యూబు పర్మిటివిటీ ఎక్స్‌ఎల్‌పీఈ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది వోల్టేజీని అంచు దగ్గరే వదిలేయకుండా తన పొడవునా పరుస్తుంది. అందుకే ఆ ట్యూబును రెండు అంగుళాలు తగ్గించి కోస్తే కిట్ మొత్తం దండగ. కిట్‌లో వచ్చే పసుపు మాస్టిక్ ముద్దని చాలామంది అనవసరం అనుకుని పక్కన పడేస్తారు. సెమీకాన్ మెట్టు దగ్గర గాలి మిగలకుండా నింపేది అదే.

తుడిచే పద్ధతి కూడా చెప్పి తీరాలి. సాల్వెంట్ గుడ్డతో లగ్గు వైపు నుంచి సెమీకాన్ వైపు తుడవాలి, తిరిగి వెనక్కి రాకూడదు. వెనక్కి వస్తే సెమీకాన్‌లోని నల్ల కార్బన్‌ని తెల్లటి ఇన్సులేషన్ మీద మన చేత్తో మనమే పూసినట్టు. ఒకసారి వాడిన మడతను మళ్లీ వాడకండి.

ఓవర్‌హెడ్ లైన్ల మీద ఇదే కథ ఇంకో వేషంలో కనిపిస్తుంది. 132 కేవీ తీగను టవర్‌కి వేలాడదీసే స్ట్రింగ్‌లో తొమ్మిది ఇన్సులేటర్ డిస్కులుంటే వోల్టేజీని తలా తొమ్మిదో వంతు మోస్తాయని పిల్లలు పరీక్షల్లో రాస్తారు. మోయవు. లైన్‌కి దగ్గరగా ఉన్న డిస్కు మీదే ఎక్కువ బరువు పడుతుంది. 400 కేవీ లైన్లలో కనపడే ఆ గుండ్రటి రింగులు ఆ బరువును పంచడానికే. మంచు పట్టిన తెల్లవారుజామున లైన్ కింద నిలబడితే వినపడే చిటచిట కరోనాదే, అంటే తీగ చుట్టూ గాలిలో జరిగే చిన్న డిశ్చార్జిలదే.

కళింగపట్నం, భావనపాడు వైపు పనిచేసేవాళ్లు మాత్రం ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఉప్పుగాలికి రింగు మందు కాదు. ఉప్పు పొర మంచుకి తడిస్తే పింగాణీ మీద కరెంటు పాకే దారి తయారవుతుంది. దానికి కావలసింది పాకే దూరం, అంటే ఇన్సులేటర్ పైతలం వెంబడి కొలిచే పొడవు, ఎక్కువ ఉండడం. బాగా ఉప్పు పట్టే చోట లైన్ వోల్టేజీలో ప్రతి కిలోవోల్టుకు 31 మిల్లీమీటర్లు చూస్తారు. లేదంటే సిలికాన్ రబ్బరు ఇన్సులేటర్లు. వాటి మీద నీళ్లు తామరాకు మీద బొట్టుల్లా విడివిడిగా నిలుస్తాయి, పొర కట్టవు. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు, టవర్లు కూలాయి. అది అందరికీ కనపడే నష్టం. ఉప్పు చేసే పని నిలబడి ఉన్న లైన్‌లోనే వర్షం కడిగేదాకా నడుస్తుంది, ఎవరి కంటికీ ఆనదు.

ఇక మాటలు చాలు. ఆ బల్ల మీద ఆరు కేబుల్ ముక్కలు పెట్టాను. మూడింటి మీద సెమీకాన్ అంచున గాటు ఉంది, మూడింటి మీద లేదు. కళ్లు మూసుకుని గోరుతో తడిమి గాటున్నవి ఏవో, లేనివి ఏవో చెప్పండి. జాయింటర్లు ముందు రావద్దు, పిల్లలను రానివ్వండి.