దుబాయ్ విమానం ఎక్కేవాళ్లకు

శ్రోతలకు నమస్కారం.

దుబాయ్ పేరు వినని తెలుగు ఇల్లు ఇప్పుడు లేదేమో. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి పని కోసం వెళ్లినవాళ్లున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లున్నారు. అక్కడ ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గర నెల్లాళ్లు ఉండి వద్దామని బయల్దేరే అమ్మానాన్నలున్నారు. ఇంతమంది మనవాళ్లు తిరిగే చోటు కదా అని, పరాయి దేశం వెళ్తున్నామన్న జాగ్రత్త మనలో తగ్గిపోయింది. నాకు బెంగ కలిగించేది అదే. దుబాయ్ ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నిజానికి దొంగల భయం తక్కువగా ఉండే దేశం. అర్ధరాత్రి కూడా ఆడపిల్లలు మెట్రో దిగి నడిచి వెళ్తుంటారు. అక్కడ మనవాళ్లకు వచ్చే చిక్కు వేరు. ఇంటి దగ్గర ఎవరూ పట్టించుకోని పని అక్కడ నేరమవుతుంది. ఆ చిక్కు చాలాసార్లు మనం సూట్‌కేసు సర్దుకునేటప్పుడే మొదలవుతుంది.

ముందు గసగసాల సంగతి చెప్తాను. కోడికూరలోకి మసాలా ముద్ద నూరాలంటే మనకు గసగసాలు కావాలి. కొడుక్కి ఇష్టమని అమ్మ వేయించి, పొడి కొట్టి, సీసాకెత్తి ఇచ్చే మసాలాలోనూ అవి ఉంటాయి. ఎమిరేట్స్‌లో గసగసాలు నిషిద్ధం. నల్లమందు తీసే మొక్క గింజలే గసగసాలు కాబట్టి అక్కడి చట్టం వాటిని వంట దినుసుగా చూడదు. సౌదీలోనూ, సింగపూర్‌లోనూ అంతే. అలాగే తమలపాకులు. కొత్త ఫ్లాటులో పాలు పొంగించాలనో, వ్రతం చేసుకోవాలనో ఒక కట్ట తడిగుడ్డలో చుట్టి సంచిలో పెడతాం. కస్టమ్స్ నిషేధించిన వస్తువుల జాబితాలో పాన్ సామగ్రి, తమలపాకులు కూడా ఉన్నాయి.

మందుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. పెద్దవాళ్లు మాత్రలను స్ట్రిప్పుల్లోంచి తీసి ఒక డబ్బాలో పోసుకుంటారు. ఆ డబ్బా చూసి ఏది బీపీ మాత్రో, ఏది నిద్ర మాత్రో అధికారి ఎలా పోల్చుకుంటారు? నొప్పికి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్, ఆందోళనకు, నిద్రకు ఇచ్చే అల్‌ప్రాజొలామ్ అక్కడ గట్టి నియంత్రణలో ఉన్నాయి. ఇలాంటివి వాడుతుంటే ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. మిగతా మందులైనా స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి. చీటీ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు ఒకేలా ఉండాలి.

ఇక పార్సిల్. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. "మా తమ్ముడు షార్జాలోనే ఉంటాడన్నా, ఈ పచ్చడి ఒక్కటి పట్టుకెళ్లు. వాడే ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకుంటాడు" అంటారు. కాదంటే ఏమనుకుంటారోనని మనకు మొహమాటం. కానీ మీ సంచిలో దొరికినదానికి బాధ్యులు మీరే. "ఇది నాది కాదు సార్, పక్కూరాయన ఇచ్చాడు" అంటే కస్టమ్స్ అధికారి వదిలిపెట్టరు. లోపల ఏముందో తెలియని పొట్లం మోసుకెళ్లి గల్ఫ్ జైళ్లలో ఏళ్లు గడిపినవాళ్లు మనలో ఉన్నారు.

కాబట్టి తీసుకెళ్లక తప్పదనుకుంటే, ఇచ్చినవాళ్ల ఎదురుగానే పేపరు పరిచి విప్పండి. పచ్చడైతే మూత తీసి, గరిటె అడుగుదాకా పెట్టి కలిపి చూడండి. బట్టలైతే మడతలన్నీ విప్పి, అంచుల వెంట వేళ్లతో తడమండి. చెప్పులైతే అట్ట వంచి చూడండి. చూశాక మీరే మళ్లీ కట్టండి, ఆ తర్వాత ఎవరి చేతికీ ఇవ్వకండి. ముందే టేపు చుట్టి తెచ్చింది అసలు ముట్టుకోవద్దు. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర చేతిలో పెట్టేది, టికెట్ కొనిచ్చిన ఏజెంటు "ఇదొక్కటి అక్కడ ఇచ్చెయ్" అనేది కూడా వద్దు. వాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నాలుగు రోజులకు ఆ కోపం పోతుంది.

దిగిన తర్వాత ఫోన్ ఉంది. వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ మామూలుగా కలవదు. ఈ సంగతి తెలియక, పిల్లవాడు దిగాడో లేదోనని ఇంటి దగ్గర తెల్లవార్లూ టెన్షన్ పడతారు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ముందే అమ్మ ఫోన్లో వేసి, ఎలా మాట్లాడాలో ఒకసారి చూపించి వెళ్లండి.

అదే ఫోన్లో కోపంగా పెట్టిన మెసేజ్ కేసు దాకా తీసుకెళ్తుంది. రూమ్ అద్దె దగ్గర మాటా మాటా పెరిగి తోటివాణ్ణి వాయిస్ మెసేజ్‌లో తిట్టారనుకోండి. అతను అది పోలీసులకు వినిపిస్తే చాలు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం కింద దూషణకు జైలు పడవచ్చు, 2,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా పడవచ్చు, రెండూ పడవచ్చు. దిర్హామంటే మన లెక్కలో 20 రూపాయల పైమాటే. అనుమతి లేకుండా ఇతరుల ఫోటో తీసి పంచుకోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. బీచ్‌లో, మాల్‌లో రీల్ తీసేటప్పుడు వెనకాల ఏదైనా కుటుంబం, ముఖ్యంగా ఆడవాళ్లు ఉంటే కెమెరా దించేయండి. ప్రభుత్వ భవనాలు, సైనిక స్థావరాలు, ప్యాలెస్‌ల ఫోటోల జోలికి వెళ్లొద్దు.

ఇంకో మాట చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు. తోటి కార్మికుడు చనిపోతే, అతని ఇంటివాళ్ల కోసం చందాలు పోగేద్దామని మనవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో పోస్టు పెడతారు. ఎంత మంచి ఉద్దేశమైనా అక్కడ అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం. సాయం చేయాలంటే అక్కడున్న మన ప్రభుత్వ కార్యాలయమైన కాన్సులేట్ ద్వారానో, అనుమతి ఉన్న సంస్థల ద్వారానో చేయాలి.

ఈ చట్టాలు మరీ కఠినంగా ఉన్నాయని కొందరికి అనిపిస్తుంది. ఆ కోపంతో అక్కడి మనుషులను చూడకూడదని నా మనవి. దుబాయ్‌లోని జెబెల్ అలీలో 2022లో హిందూ దేవాలయం తెరుచుకుంది. అబుదాబిలో పాలకులు ఇచ్చిన స్థలంలో కట్టిన పెద్ద రాతి మందిరం 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది. అదే అబుదాబిలో షేక్ జాయెద్ గ్రాండ్ మసీదులోకి ఏ మతం వాళ్లైనా ఉచితంగా వెళ్లవచ్చు. ఆడవాళ్లు జుట్టు, చేతులు, కాళ్లు కప్పుకోవాలి, మగవాళ్లు నిక్కర్లు వేసుకోకూడదు. తిరుమలలో సంప్రదాయ దుస్తులు అడిగితే మనం కాదంటామా? లోపల భుజాల మీద చేతులేసుకుని ఫోటోలకు పోజులివ్వకుండా, గొంతు తగ్గించి తిరగండి.

స్థానిక స్త్రీ ఎదురైతే మగవాళ్లు ముందుగా చెయ్యి చాపకండి. కుడి చెయ్యి గుండె మీద ఉంచి చిన్నగా తల వంచితే ఎంతో మర్యాదగా ఉంటుంది. రంజాన్ నెలలో చాలా హోటళ్లు పగలు కూడా తెరిచి ఉంటాయి, మనం తినవచ్చు. కానీ ఉపవాసం ఉన్న మనిషి పక్కన బస్టాపులో నిలబడి సమోసా తినడం పద్ధతి కాదు. దుబాయ్ మెట్రోలో ఏ నెలలోనైనా తినడం, తాగడం కుదరదు, 100 దిర్హాముల జరిమానా. ఆడవాళ్లకు కేటాయించిన భాగంలోకి మగవాళ్లు ఎక్కినా జరిమానానే. ఆ దేశంలో ఉన్నవి ఏడు ఎమిరేట్లు, అంటే మన రాష్ట్రాల్లాంటివి. పద్ధతులు అన్నిచోట్లా ఒకటి కాదు. దుబాయ్‌లో లైసెన్సు ఉన్న చోట మద్యం దొరుకుతుంది. రోడ్డు దాటి షార్జాలోకి వెళ్తే మద్యమే నిషేధం.

పనికి వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. "విజిట్ వీసా మీద రా, వచ్చాక చూద్దాం" అనే ఏజెంటును నమ్మకండి. ఆ వీసా మీద పని చేయడం నేరం, గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. యజమాని దాన్ని లాక్కుని పెట్టుకోవడం అక్కడి చట్టానికే విరుద్ధం. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇంటి దగ్గర ఒకరికి ఇచ్చి వెళ్లండి.

కలం, కాగితం ఉంటే నంబర్లు రాసుకోండి. ఎమిరేట్స్‌లో పోలీసుకు 999, అంబులెన్స్‌కు 998. భారతీయుల కోసం పనిచేసే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342. మళ్లీ చెప్తున్నాను, ఎనిమిది సున్నా సున్నా, నాలుగు ఆరు మూడు నాలుగు రెండు. అక్కడి నుంచి చేస్తే డబ్బులు పడవు, రాత్రయినా పగలైనా చేయవచ్చు. ఒకవేళ పోలీసులు పిలిస్తే వాదనకు దిగకండి, పారిపోవద్దు, ఎవరికీ డబ్బు ఇవ్వజూపొద్దు. కాన్సులేట్‌కు తెలియజేయమని అడగడం మీ హక్కు. అరబ్బీలో రాసిన కాగితం ముందు పెడితే, అందులో ఏముందో అనువాదకుడితో చదివించుకున్నాకే సంతకం చేయండి.