ఒక్కపూట అంగడి

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాదులో జుమేరాత్ బజారు పేరు వినని వాళ్లు తక్కువ. జుమేరాత్ అంటే గురువారం. వారానికి ఒకరోజు కూడే అంగడి పేరే ఆ పేటకు స్థిరపడింది. పల్లెల్లో ఇప్పటికీ సోమవారం అంగడి, మంగళవారం అంగడి అంటారు. తెల్లవారితే ఖాళీ జాగా, పదింటికల్లా గంపలు, తక్కెళ్లు, పరదాలు, పొద్దుగూకేసరికి మళ్లీ ఖాళీ జాగా. ఈమధ్య మన కాలనీ పార్కుల్లో, అపార్ట్‌మెంట్ల ఆవరణల్లో పాపప్ మార్కెట్ పేరుతో ఒక్కపూట వెలిసి మాయమవుతున్నది ఆ అంగడికి చుట్టమే.

ఇంకో దగ్గరి చుట్టం నుమాయిష్, అంటే హైదరాబాదు ఎగ్జిబిషన్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. దాని మీద వచ్చే ఆదాయం విద్యాసంస్థల నిర్వహణకు పోతుంది. అంటే, నలుగురు పూనుకుని సంత పెట్టి, వచ్చిన డబ్బు ఊరి పనికి వాడే అలవాటు ఈ నగరానికి కొత్తగా నేర్పక్కర్లేదు.

అయితే కాలనీల్లో పెడుతున్న చాలా మార్కెట్లలో ఒక లోటు కనిపిస్తుంది. హోల్‌సేల్‌లో కొన్న సరుకే ప్రతి బల్ల మీదా ఉంటుంది. పేరు మాత్రం ‘చేనేత, హస్తకళల సంబరం’. చేసిన మనిషి వచ్చి కూర్చోని చోట సంప్రదాయం బ్యానర్ మీదే మిగిలిపోతుంది. అందుకే ఒక్కపూట అంగడి పెట్టాలనుకునే కాలనీ సంఘాలు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే: బల్ల వెనుక ఎవరు కూర్చుంటారు? 30 బల్లలు ఉంటే, తిండి బల్లలతో కలిపి కనీసం 18 స్వయంగా చేసినవాళ్లవి అయి ఉండాలి. మిగతావి ఇరుగుపొరుగు వాళ్ల పచ్చళ్లు, మొక్కలు, పాత పుస్తకాలు ఏవైనా సరే.

చేసినవాళ్లు కూర్చుంటే ఏం మారుతుందో పోచంపల్లి చీర దగ్గర చూద్దాం. మగ్గం మోసుకురావడం కుదరదు. కానీ చిటికి కట్టిన నూలు పట్టెను తేవచ్చు. నూలును నేయకముందే, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆరిన పట్టెను గిరాకీల ఎదుట పెట్టి ఒక్కొక్క కట్టూ విప్పుతుంటే, ఎర్రటి నూలు మధ్యలో గోరంత తెల్లచుక్క బయటపడుతుంది. అలాంటివి వందల చుక్కలు మగ్గం మీద వరసలో కూర్చుంటేనే పువ్వో, ఏనుగో తేలుతుంది. ఆ విప్పడం ఒక్కసారి చూసినవాళ్లకు చీర ధర గురించి వేరే చెప్పే పని ఉండదు. పోలిక కూడా అక్కడే నేర్పవచ్చు. అచ్చు వేసిన నకిలీ బట్టను తిరగేస్తే వెనక రంగు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. చిటికి బట్టకు రెండు వైపులా ఒకే నిండుతనం, బొమ్మ అంచుల్లో మాత్రం కొంచెం చెదురు. ఆ చెదురు నేతలో లోపం అనుకుని వద్దనేవాళ్లు ఉంటారు. చేతి పనికి అదే గుర్తు. అసలు బట్ట పక్కన ఒక గజం నకిలీ బట్ట కూడా ఉంచి, రెంటినీ తడిమి చూడనివ్వండి. పుట్టపాక తేలియా రుమాలుకైతే ముక్కే సాక్షి. నూలును ఆముదం కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెడతారు కాబట్టి కొత్త బట్టకు ఆ నూనె వాసన ఉంటుంది.

చేర్యాల నకాషీ బొమ్మలది ఇంకో తీరు. పిల్లలతో మాస్కులు చేయిద్దామని ఉత్సాహంగా మొదలుపెట్టి, గంటలో చేతులెత్తేసే మార్కెట్లు ఉన్నాయి. కొబ్బరిచిప్ప మీద రంపపుపొట్టు, చింతగింజల జిగురు కలిపి ముక్కూ మూతీ తీర్చితే, అది ఆరడానికి ఒక రోజైనా కావాలి. పచ్చిదాని మీద రంగు వేస్తే పగుళ్లు వస్తాయి. కాబట్టి కళాకారులను ముందే అడిగి, తెల్లసుద్ద పూసి ఆరబెట్టిన 20 చిప్పలు తెప్పించండి. పిల్లలు రంగులు మాత్రం వేస్తారు. పచ్చి ముద్ద గిన్నెలో వేరుగా ఉంచి, ముట్టి చూడనివ్వండి. ఒక్కో చిప్పకు కళాకారుడికి ఇంత అని డబ్బు ముందే మాట్లాడుకోవాలి. ‘మీకూ ప్రచారం వస్తుంది కదా’ అని ఊరికే చేయించుకోవడం తగదు.

ఇక జాగా సంగతి. 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న గుడారాలు 15 చొప్పున ఎదురెదురుగా రెండు వరసలు వేస్తే, మధ్యలో నడవ 12 అడుగులు ఉండాలి. రెండు వైపులా బల్లల ముందు నిలబడినవాళ్లు మూడేసి అడుగులు ఆక్రమిస్తారు. మిగిలిన 6 అడుగుల్లోనే చక్రాల కుర్చీ, పసిపిల్లల బండి, ఎదురుగా వచ్చే జనం సర్దుకోవాలి. 8 అడుగుల నడవతో సరిపెట్టిన చోట ఒక బల్ల దగ్గర నలుగురు ఆగితే అంగడంతా ఆగిపోతుంది, లోపలి బల్లలకు బోణీ కూడా కాదు. ప్రతి 5 గుడారాలకు ఒక నాలుగడుగుల సందు వదలండి, వెనుక మూడడుగుల దారి ఉంచండి. అన్నీ కలిపి 130 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు ఉన్న స్థలం చాలు. ముందురోజే సున్నంతో గీతలు గీసి అంకెలు వేస్తే, సరుకు దించేటప్పుడు మూల బల్ల నాదంటే నాదనే తగువు ఉండదు.

నడవ తూర్పు పడమరలుగా ఉండేలా గీయాలి. అప్పుడు బల్లలు ఉత్తరం, దక్షిణం చూస్తాయి. పడమర చూసే బల్ల మీద సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. సహజ రంగుల బట్ట వెలుస్తుంది, లాడ్ బజారు లక్క గాజులు మెత్తబడి వంకర పోతాయి. లక్క గాజులు తెచ్చేవాళ్లు ఎండలో ఆపిన కారులో పెట్టెలు వదిలి భోజనానికి వెళ్లకూడదు.

గాలివాన గురించి గట్టిగానే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం వరకు మాడ్చి, సాయంత్రం ఒక్కసారిగా దుమ్ము లేపి కొడుతుంది. తేలికపాటి గుడారానికి నాలుగు కాళ్లకూ నాలుగు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు కట్టండి. క్యానుకు 20 కిలోల బరువు వస్తుంది, తెల్లారి ఆ నీళ్లు మొక్కలకు పోయవచ్చు. ఒక గుడారాన్ని పక్కదానికి కట్టకండి. ఒకటి లేస్తే వరసంతా లాగుతుంది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం కాబట్టి ఆ రోజున అంగడి పెట్టాలని చాలామందికి ఉంటుంది. వానాకాలం కదా, ఫంక్షన్ హాల్లోనో, అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో పెట్టుకోండి. నుమాయిష్ జనవరిలో జరగడంలో ఉన్న సుఖం ఇదే, అప్పుడు వాన బెడద తక్కువ.

కరెంటు లెక్క వేయకుండా ఏ మార్కెట్టూ మొదలుపెట్టకూడదు. 30 బల్లలకు రెండేసి 12 వాట్ల ఎల్‌ఈడీ బల్బులంటే 720 వాట్లు. 5 కేవీఏ జనరేటరు దాదాపు 4,000 వాట్లు మోస్తుంది, కాబట్టి వెలుగుకు కొదవ లేదు. చిక్కంతా తిండి బల్లల దగ్గర వస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఒకరు 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, పక్కవాళ్లు ఇంకొకటి, మరొకరు మిక్సీ పెడితే ఏడున్నరకు, సరిగ్గా గిరాకీ ముదిరిన వేళ, అంతా చీకటి. దరఖాస్తు కాగితంలోనే ‘ఏ యంత్రం, ఎన్ని వాట్లు’ అని అడగండి. తిండి బల్లలకు వేరే లైను, ఆ లైనుకు వేరే బ్రేకరు పెట్టించండి. బట్టల బల్లల మీద తెల్లటి వెలుగు బల్బులు వేయాలి. పసుపు బల్బు కింద కొన్న మెరూన్ చీర ఇంటికి వెళ్లాక ఇంకో రంగులో కనిపిస్తే, నష్టపోయేది నేతగాడి పేరే.

నిప్పు విషయంలో మొహమాటం వద్దు. 2019 జనవరి 30న నుమాయిష్‌లో మంటలు చెలరేగి ఎన్నో దుకాణాలు బూడిదయ్యాయి. గుడారం గుడ్డ, నూలు బట్ట, వెదురు అన్నీ కలిసి ఉన్నచోట నిప్పు నిమిషాల్లో పాకుతుంది. పొయ్యిలన్నీ ఒక చివర, గాలి వాలు చూసి, బట్టల బల్లలకు కనీసం 15 అడుగుల దూరంలో పెట్టించండి. నూనె పొగ చీరలకు పట్టినా వదలదు. ఇంటి వాడకానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడకూడదు, వాణిజ్య సిలిండరే తెమ్మనాలి. 6 కిలోల పొడి అగ్నిమాపకాలు మూడు, ఇసుక బకెట్లు నాలుగు ఉంచి, వాటిని వాడటం వచ్చిన ఇద్దరిని అక్కడే నియమించండి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొయ్యి ఆపి మూత పెట్టాలి.

తిండి బల్లల్లో జనం ఎక్కువగా మూగేది సకినాలు చుట్టే చోటే. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు. నానిన బియ్యాన్ని తడి పూర్తిగా ఆరకముందే పిండి పట్టించి, పరిచిన శుభ్రమైన నూలు గుడ్డ మీద వేళ్లతో చుట్టలు చుట్టుకుంటూ పోతారు. ఎక్కువైన తడిని గుడ్డ పీల్చుకుంటుంది. పిండి పలచనైతే సకినం నూనె తాగుతుంది, గట్టిదైతే చుట్టేటప్పుడే తెగుతుంది. అలా చుట్టే చేతులకు మంచి వెలుగు, కూర్చోవడానికి ఎత్తు పీట, ముందు నాలుగడుగుల ఖాళీ ఇవ్వండి. కావాలన్న వాళ్లను పక్కన కూర్చోబెట్టి ఒక్క చుట్ట చుట్టించండి. పిండివంటలు ఇంట్లో చేసి తెచ్చి అమ్మేవాళ్లకైనా ఆహార భద్రత రిజిస్ట్రేషను కావాలి, ఆ కాగితం ప్రతి బల్ల మీద కనిపించాలి. వడ్డనకు మోదుగాకు విస్తర్లు, స్టీలు గ్లాసులు వాడండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి అంగళ్లు ఇక్కడే కూలుతున్నాయి. గుడారాలు, జనరేటరు, శుభ్రత, మైకు కలిపి ఖర్చు 24,000 రూపాయలనుకుందాం. 30తో భాగిస్తే బల్లకు 800. కానీ అందరి దగ్గరా సమానంగా వసూలు చేయడం న్యాయం కాదు. నారాయణపేట నుంచి చీరల మూటతో వచ్చే దంపతులకు బల్ల అద్దె, బస్సు చార్జీలు, తిండి, ఇద్దరి పని మానిన రోజు కలిపి 3,000 పడితే, నూటికి 30 మిగిలే సరుకు మీద 10,000 రూపాయల అమ్మకం జరిగితే గానీ ఖర్చు గిట్టదు. వేడి వేడి మిర్చిబజ్జీ వ్యాపారం అలాంటిది కాదు, పెట్టుబడి అదే సాయంత్రం తిరిగి చేతికొస్తుంది. తిండి బల్లలకు 1,500, కాలనీ వాళ్ల బల్లలకు 800, దూరం నుంచి వచ్చే కళాకారులకు 300 పెడితే లెక్క కుదురుతుంది. 8 తిండి బల్లలకు 12,000, 12 కాలనీ బల్లలకు 9,600, 10 కళాకారుల బల్లలకు 3,000. మొత్తం 24,600. అమ్మకంలో వాటా అడిగే పద్ధతి మాత్రం మేలు చేయదు, దొంగ లెక్కలకు దారి తీస్తుంది.

బేరం చేయవద్దని బోర్డు పెట్టడం మన అంగడి స్వభావానికి సరిపడదు. దానికి బదులు ప్రతి వస్తువు చీటీ మీద ధరతోపాటు ఎవరు చేశారు, ఏ ఊరు, ఎన్ని రోజులు పట్టిందో రాయించండి. ‘12 రోజుల పని’ అని చదివిన మనిషి సగానికి అడగడానికి వెనకాడతాడు. కొసరు ఇవ్వడం వేరు. చీరతో చిన్న రుమాలు, పచ్చడితో ఒక చెంచా పొడి ఇస్తే ఇద్దరికీ తృప్తి. తూచి అమ్మేవాళ్ల కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. జనం ఎక్కువైతే ఫోన్ సిగ్నల్ నెమ్మదిస్తుంది. స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. డబ్బు పడిందని సౌండ్‌బాక్స్ చెప్పేదాకా సరుకు ఇవ్వకూడదని అమ్మకందారులకు ముందే చెప్పండి. నిర్వాహకుల దగ్గర 10, 20 రూపాయల నోట్లలో 5,000 రూపాయల చిల్లర ఉంచుకోండి.

తేదీ ఎంచేటప్పుడు జీతాలు పడ్డాక వచ్చే మొదటి ఆదివారం మంచిది. బతుకమ్మకు రెండు వారాల ముందు పెడితే బట్టలు, ఇత్తడి తాంబాళాలు పోతాయి. పండుగ రోజుల్లో పెడితే ఎవరి పని వాళ్లకు ఉంటుంది. మైదానం మునిసిపాలిటీదైతే వాళ్ల అనుమతి, మైకు పెడితే పోలీసు అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 దాటాక మైకు మోగకూడదు. అంగడి సాయంత్రం 4 నుంచి 9 దాకా నడిస్తే సరిపోతుంది. ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్, తాళం పడే తలుపు, నీళ్లు చూడకుండా మాత్రం ఎవరినీ పిలవకండి. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చునే అమ్మకందారులు చాలామంది ఉన్నారు, కారణం ఇదే.

తొమ్మిదికి అమ్మకం ఆపాక ఇంకో గంట పని ఉంటుంది. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలోకి, పొడి చెత్త నీలం డబ్బాలోకి. విస్తర్లు తడి చెత్తే. గుడారాలు విప్పేలోపు ప్రతి బల్ల దగ్గరికీ ఒకరు వెళ్లి రెండు మాటలు రాసుకోవాలి: ఏది అమ్ముడుపోయింది, ఏది అడిగి లేక తిరిగిపోయారు. దూరం వెళ్లేవాళ్లకు చివరి బస్సు ఎప్పుడో తెలుసుకుని, వాళ్ల మూటలు ముందు కట్టించాలి. వచ్చే నెల తేదీ, బల్ల నంబరు రాసిన చీటీ వాళ్ల చేతిలో పెట్టి బస్సెక్కించాలి.

నమస్కారం.