ట్రెడిషనలా, సింప్లిఫైడా: ముందు ఆ ఎర్రపెన్ను కింద పెట్టండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ వరసగా చదవమని చేతికి చీటీ ఇచ్చారు. ఏమీ అనుకోకండి, చదవను, నాకిచ్చిన టైంలో పావు వంతు దానికే పోతుంది. అందరికీ కలిపి ఇదే నమస్కారం. ఏప్రిల్ 20 ఐక్యరాజ్యసమితి చైనీస్ భాషా దినం అనీ, అది 2010లో మొదలైందనీ ఇందాక అధ్యక్షులు చెప్పారు కాబట్టి దాన్నీ వదిలేస్తున్నాను. ఒక్క మాట మాత్రం. ఆ తేదీ త్సాంగ్‌జియే పేరు మీద పెట్టింది. నాలుగు కళ్ళున్న ఆయన అక్షరాలు కనిపెట్టిన రోజున ఆకాశం నుంచి ధాన్యం కురిసిందనీ, రాత్రి దయ్యాలు ఏడ్చాయనీ వాళ్ళ పురాణగాథ. అక్షరాలంటే వాళ్ళకు అంత గొప్ప. అందుకే వాటి మీద గొడవ కూడా అంత పెద్దది.

చైనీస్ నేర్చుకునేవాళ్ళు ఏ లిపి పట్టుకోవాలి, ట్రెడిషనలా, సింప్లిఫైడా, ఇదీ నాకిచ్చిన విషయం. ట్రెడిషనల్ అంటే పాత నిండు అక్షరాలు, సింప్లిఫైడ్ అంటే గీతలు తగ్గించిన తేలిక అక్షరాలు. మూడు ముక్కలుగా చెప్పాలని రాసుకొచ్చాను. చరిత్ర, లెక్క, సలహా.

చరిత్ర తొందరగా చెప్పేస్తాను. తేలిక అక్షరాలు కమ్యూనిస్టులు పుట్టించినవి అని ఒక ప్రచారం ఉంది. అది నిజం కాదు. 1909లోనే లూఫెయ్ ఖుయ్ అనే సంపాదకుడు, జనం చేత్తో రాసుకునే పొట్టి అక్షరాలనే బళ్ళలో నేర్పండి అని వ్యాసం రాశాడు. 1935లో కొమింతాంగ్ ప్రభుత్వం, అంటే తర్వాత తైవాన్‌కు వెళ్ళిపోయిన ఆ ప్రభుత్వమే, 324 తేలిక అక్షరాల పట్టిక విడుదల చేసింది, లోపల్నుంచే వ్యతిరేకత వచ్చేసరికి మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. ఆ పని చివరికి 1956లో చైనా ప్రజా గణతంత్రం చేసింది, 1964లో పూర్తి పట్టిక వచ్చింది. 1977లో ఇంకా కుదించబోతే జనానికి తికమకైపోయి 1986లో ఆ రెండో విడతను రద్దు చేశారు. సింగపూర్ 1969లో సొంత పట్టికతో మొదలుపెట్టి 1976 నాటికి చైనా పట్టికకే వచ్చేసింది. తైవాన్, హాంకాంగ్, మకావ్ పాతవాటితోనే ఉన్నాయి. చరిత్ర ఇంతే.

ఇప్పుడు అక్షరాల దగ్గరికి వస్తాను. బోర్డు లేదు కాబట్టి మాటల్లోనే చెబుతాను, కాస్త ఊహించుకోండి. 'వినడం' అనే అక్షరాన్ని థింగ్ అంటారు. ట్రెడిషనల్‌లో 22 గీతలు. ఎడమవైపు చెవి ఉంటుంది, కుడివైపు అడుగున గుండె ఉంటుంది. సింప్లిఫైడ్‌లో 7 గీతలే, ఎడమవైపు నోరు, కుడివైపు గొడ్డలి. చెవి ఎక్కడికి పోయింది అని పాత లిపి అభిమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 'ప్రేమ' అక్షరం మధ్యలో ఉండే గుండెను తీసేశారు, గుండె లేని ప్రేమేమిటి అని కూడా అడుగుతారు. ఈ మాట వినీ వినీ నాకు విసుగొచ్చేసింది. ఆ గుండె లేని రూపం ఎవరో కమిటీలో కూర్చుని పీకేసిన గుండె కాదు, గొలుసుకట్టు రాతలో కాలక్రమాన కరిగిపోయిన గుండె. పైగా అడుగున మిగిలింది 'స్నేహితుడు' అనే ముక్క. దాని మీద ఏ వాదమైనా కట్టొచ్చు, కాబట్టి అది వాదమే కాదు.

ఇంకోవైపు చూడండి. 'అనుసరించడం' అనే అక్షరం సింప్లిఫైడ్‌లో ఇద్దరు మనుషులు, ఒకరి వెనక ఒకరు, అంతే. 'మేఘం' అక్షరం నెత్తిన ఉండే 'వాన'ను సింప్లిఫైడ్‌లో తీసేశారు. ఈ రెండు రూపాలూ ఎముకల మీద అక్షరాలు చెక్కిన కాలం నాటివి, ట్రెడిషనల్ కన్నా పాతవి! 'ధూళి' ట్రెడిషనల్‌లో మట్టి మీద జింక, సింప్లిఫైడ్‌లో మట్టి మీద 'చిన్న'. నాకు రెండూ ఇష్టమే. 'గడియారం' అక్షరంలో లోహం పక్కన పాతకాలపు ముక్క ఉచ్చారణ థోంగ్, కొత్త ముక్క ఉచ్చారణ జోంగ్, అక్షరం ఉచ్చారణ కూడా జోంగే. ఇక్కడ కొత్తది నేర్చుకునేవాడికి మేలు చేసింది.

సింప్లిఫైడ్ నిజంగా చెడగొట్టిన చోటు చెప్పమంటే ఇది చెబుతాను. కుడిచెయ్యి బొమ్మ నుంచి వచ్చిన రెండు గీతల ముక్క ఒకటుంది. చైనీయుల జాతి పేరు 'హాన్' పాత రూపంలో, 'కష్టం' అనే 'నాన్' పాత రూపంలో ఒకే పెద్ద ముక్క ఉండేది, అందుకే ఉచ్చారణ కలుస్తుంది. 'సంతోషం' అనే 'హువాన్'లో, 'చూడటం' అనే 'గ్వాన్'లో ఇంకో పెద్ద ముక్క, అవి రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. కోడి 'జీ'లో మూడోది. ఇప్పుడు ఈ ఐదింటిలోనూ ఆ పెద్ద ముక్కల బదులు అదే రెండు గీతలు కూర్చున్నాయి. రాయడం తేలికైంది, ఒప్పుకుంటాను, కానీ ఏది దేనితో పలుకుతుందో చెప్పే ఆనవాలు పోయింది. అలాగే రెండేసి అక్షరాలను ఒకటి చేసేశారు. జుట్టు అనే ఫా, వెలువరించడం అనే ఫా ఒకటే అయిపోయాయి. 'తర్వాత', 'మహారాణి' ఒకటే. నూడుల్స్, ముఖం ఒకటే. చైనాలో చదివేవాళ్ళకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, ఇబ్బంది లేదు. కానీ కంప్యూటర్‌తో సింప్లిఫైడ్‌ని ట్రెడిషనల్‌లోకి మార్చినప్పుడు జుట్టు ఉండాల్సిన చోట 'వెలువరించడం' వచ్చి కూర్చుంటుంది, మహారాణి 'తర్వాత' అయిపోతుంది. తైవాన్ పాఠకుడు అది చూడగానే మెషీన్ మార్చిందని పట్టేస్తాడు. అటునుంచి ఇటు మార్చడంలో ఈ బాధ చాలా తక్కువ.

ఇక లెక్క చెప్పాలి. కానీ ముందు ఒక మనిషి గురించి చెప్పి తీరాలి. నన్ను పిలిచినప్పుడే అనుకున్నాను, ఇది చెప్పకుండా మైకు వదలను అని.

నాకు తెలిసిన ఒకాయన, నాకంటే వయసులో పెద్ద, తైవాన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దగ్గర ఇష్టంగా చైనీస్ నేర్చుకున్నాడు. గళ్ళ నోటుబుక్కులో ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, గడి దాటకుండా. ఆయన చేతిరాత చూస్తే ముచ్చటేసేది. ఆవిడ వెళ్ళిపోయాక, సర్టిఫికెట్ కూడా ఉంటే బాగుంటుందని ఒక క్లాసులో చేరాడు, హెచ్‌ఎస్‌కే, అంటే చైనా వాళ్ళు పెట్టే చైనీస్ భాషా పరీక్ష, దానికి తయారుచేసే క్లాసు. మొదటి టెస్టులో ఒక వాక్యం రాయమన్నారు. 'నేను గ్రంథాలయంలో చైనీస్ పుస్తకం చదువుతున్నాను.' తొమ్మిది అక్షరాల వాక్యం. నేను, లో, చైనీస్ అనే మాటకు రెండక్షరాలు, ఈ నాలుగూ రెండు లిపుల్లో ఒకటే. మిగతా ఐదు మారతాయి. గ్రంథాలయానికి మూడు, చదవడానికి ఒకటి, పుస్తకానికి ఒకటి. ఆయన తొమ్మిదీ ట్రెడిషనల్‌లో రాశాడు. వ్యాకరణం కరెక్టు. మాటల వరస కరెక్టు. ఒక్క గీత వంకర లేదు. ఆ ఐదు అక్షరాలకూ ఐదు ఎర్ర సున్నాలు చుట్టి, పక్కన మార్కు దగ్గర ఇంకో సున్నా పెట్టి ఇచ్చారు. ఆయన అడిగితే 'ఇవి తప్పు అక్షరాలు' అన్నారట, అందరి ముందూ.

తప్పు అక్షరాలా? చదవడం అనే ఆ అక్షరం ట్రెడిషనల్‌లో 22 గీతలు, సింప్లిఫైడ్‌లో 10. ఇరవై రెండు గీతలు వరస తప్పకుండా వేసినవాడికి సున్నా! ఈ పరీక్ష పేపరు సింప్లిఫైడ్‌లో ఉంటుంది అని చెప్పొచ్చు, ఇక నుంచి ఇలా రాయండి అని పక్కన చిన్నగా రాయొచ్చు. తప్పు అనడం తప్పు. ఆ కాగితం నాకు తెచ్చి చూపించి 'ఇందులో ఏముంది తప్పు' అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆయన మళ్ళీ ఆ క్లాసుకు వెళ్ళలేదు, ఆ తర్వాత చైనీస్ కూడా వదిలేశాడు. నేను ఎంత చెప్పినా వినలేదు.

ఇది ఒకవైపే కాదు. సింప్లిఫైడ్ నేర్చుకున్న ఒక అమ్మాయి తైవాన్ వెళ్ళబోతూ ఒక ట్యూటర్‌ని పెట్టుకుంటే, ఆయన మొదటి రోజే 'అంగవిహీనమైన అక్షరాలు' అన్నాడు. ఆ తిట్టు అక్కడ వాడుకలో ఉన్నదే. ఆ అమ్మాయికి అప్పటికే వెళ్ళే టెన్షన్, దాని మీద ఇదొకటి. కోట్ల మంది రోజూ ఉత్తరాలు, పేపర్లు, కవిత్వం రాసుకునే లిపిని అలా అనడానికి నోరెలా వస్తుంది?

చైనా ప్రభుత్వం కూడా ఇంత పట్టుదలగా లేదండీ. 2001 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వాళ్ళ భాషా చట్టమే చారిత్రక స్థలాల్లో, కాలిగ్రఫీలో, చేత్తో రాసిన దుకాణాల బోర్డుల మీద పాత అక్షరాలు ఉండొచ్చని ఒప్పుకుంది. పాత గ్రంథాలు అక్కడ ఈ రోజుకీ పాత లిపిలో అచ్చవుతాయి. తైవాన్‌లో మా యింగ్-జియో అధ్యక్షుడిగా ఉండగా 2009లో 'పాతది గుర్తుపట్టండి, కొత్తది రాయండి' అని చైనా ప్రధాన భూభాగం వాళ్ళకు సలహా ఇచ్చాడు, ఆయన ప్రభుత్వమే 2011లో తమ వెబ్‌సైట్లలో సింప్లిఫైడ్ తీసేయించింది. అవి వాళ్ళ రాజకీయాలు, వాళ్ళ ఇష్టం. తైవాన్ చైనీస్ పరీక్ష మాత్రం అభ్యర్థి ఏ లిపిలో కావాలంటే ఆ లిపిలో పేపరు ఇస్తుంది. రెండు గట్ల మధ్య ఇంత గొడవ ఉన్నవాళ్ళే ఆ మాత్రం సర్దుకుంటుంటే, బయట కూర్చుని నేర్చుకునే మనకు ఈ పంతాలెందుకు?

సరే, లెక్క. టైం అయిపోతోందని చెయ్యి చూపిస్తున్నారు, చూశాను.

1986లో సవరించి అచ్చేసిన పట్టికలో 2235 సింప్లిఫైడ్ అక్షరాలున్నాయి. ఈ అంకె వినగానే గుండె జారిపోతుంది. కానీ ఆ పట్టిక మూడు భాగాలు. మొదటి దాంట్లో 350, ఇవి విడివిడిగా నేర్చుకోవాల్సిందే. రెండో దాంట్లో 132, వీటితోపాటు పక్కన చేరే 14 ముక్కలు. మూడో దాంట్లో 1753 ఉన్నాయి, అవి ఆ రెండో భాగం తెలిస్తే వాటంతటవే వస్తాయి. గుర్రం అనే అక్షరం 10 గీతల నుంచి 3 గీతలకు ఎలా మారిందో తెలిస్తే, గుర్రం ముక్క ఉన్న అక్షరాలన్నీ తెలిసినట్టే. అంటే ఒక లిపి వచ్చినవాడు రెండోది చదవడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఐదు వందల లోపు. భాష వచ్చాక అదేమంత పని కాదు. పాత తెలుగు పుస్తకంలో 'వాఁడు' అని అరసున్నతో కనిపిస్తే మనం ఆగిపోతామా? చైనీస్‌లో కష్టం అంతకన్నా ఎక్కువే, కాదనను, కానీ దారి అదే.

సలహా అని రాసుకొచ్చింది పెద్దదే గానీ కుదించేస్తాను. మీరు ఎవరితో మాట్లాడాలి, ఎవరి రాతలు చదవాలి, అది చూసుకోండి. షాంఘైతోనో షెన్‌జెన్‌తోనో పనైనా, చైనాలో చదువైనా, సింగపూర్ అయినా, హెచ్‌ఎస్‌కే అయినా సింప్లిఫైడ్. తైవాన్ వెళ్తున్నా, హాంకాంగ్ మీద, అక్కడ మాట్లాడే కాంటనీస్ మీద మనసున్నా, కాలిగ్రఫీ ఇష్టమైనా, పాత కవిత్వం చదవాలన్నా ట్రెడిషనల్. ఏదీ తేల్చుకోలేకపోతే సింప్లిఫైడ్ తీసుకోండి, దొరికే పుస్తకాలు, తోటి విద్యార్థులు అటే ఎక్కువ. నాకు ట్రెడిషనల్ మీద ప్రేమ ఉంది, అయినా చాలామందికి సింప్లిఫైడే చెబుతాను. ఒకటి పట్టుకుని వెయ్యి అక్షరాలు దాటేదాకా రెండోదాని జోలికి పోకండి. దాటాక రెండోది చదవడం మొదలుపెట్టండి, రాయక్కర్లేదు. ఇప్పుడు అందరం పిన్‌యిన్, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ, కొట్టి వరసలోంచి అక్షరం ఏరుకునేవాళ్ళమే, సెట్టింగ్ ఒక్కటి మారిస్తే అదే టైపింగ్‌కు అవతలి లిపి వస్తుంది. కళ్ళు మాత్రం గుర్తుపట్టాలి. ఈ ఎంపిక దగ్గరే నెలల తరబడి ఆగిపోయి, యాప్‌లు మార్చుకుంటూ, ఒక్క వాక్యం కూడా నేర్చుకోనివాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, నాతోనే చెప్పారు. బాబూ, అమ్మా, ఏదో ఒకటి మొదలుపెట్టండి.

ఇక ముందు వరసలో కూర్చున్నవాళ్ళతో ఒక మాట. మీ అందరికీ క్లాసులున్నాయి, మీరు పేపర్లు దిద్దుతారు. మీ అడ్మిషన్ ఫారంలో 'ఇంతకుముందు ఏ లిపి నేర్చుకున్నారు' అనే గడి లేదు, నేను వచ్చేటప్పుడు బల్ల మీద చూశాను. ఆ గడి పెట్టండి. లోపలి టెస్టుల్లో రెండు లిపులకీ పూర్తి మార్కులివ్వండి. హెచ్‌ఎస్‌కేకి వెళ్ళేవాళ్ళకు సింప్లిఫైడ్ రాయడం వేరుగా నేర్పండి, ఎర్రపెన్నుతో కాదు, పక్కన పెన్సిల్‌తో రాసి చూపించి. వచ్చే బ్యాచ్ ఫారం ఇంకా అచ్చుకు పోలేదని ఇందాక టీ దగ్గర మీలోనే ఒకరన్నారు. అది పోకముందే ఇవ్వాళ కూర్చుని ఆ గడి రాసేద్దాం, నేనూ ఉంటాను. ప్రశ్నలున్నవాళ్ళు అడగండి, మైకు ఇటివ్వండి.