కొత్త నాటకానికి రెండో ప్రదర్శన

పెద్దలకు, మిత్రులకు, ఎప్పట్లాగే వెనక వరసల్లో సర్దుకున్న కుర్ర రచయితలకు నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఇలా రండి.

ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం పంతులుగారి పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవం. ఈ రోజున ఎవరో ఒకరు మైకు పట్టుకుని నాటకం చచ్చిపోతోందని కంటతడి పెట్టడం ఆనవాయితీ. ఆ పని నేను చెయ్యను. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల సీజను వచ్చిందంటే చాలు, కొత్త నాటక ప్రతులు వస్తూనే ఉన్నాయి. నా బాధ వేరే. పుట్టిన నాటకం మరుసటి ఏడు కనపడటం లేదు.

పంతులుగారు 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ఆడించిందేమిటి? వకీళ్ళ అక్రమాల మీద తాను రాసిన ప్రహసనం. జనం దాన్ని ప్లీడరు నాటకం అన్నారు. రాసిందీ ఆడిందీ చూసిందీ ఊరివాళ్ళే. తిట్లు తిన్న ప్లీడర్లూ అక్కడే ఉండి ఉంటారు! మన రంగస్థలం మొదలైందే స్థానిక రచయితతో.

ఇక గురజాడ సంగతి. విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు 1892లో కన్యాశుల్కం ఆడారు. అచ్చయింది 1897లో. మనం ఇవాళ చదివేది ఆ పుస్తకం కాదు. ఆయన మళ్ళీ చేతిలోకి తీసుకుని చాలా మటుకు కొత్తగా రాసి 1909లో వేసిన రెండో కూర్పు. మనం నెత్తిన పెట్టుకునే మధురవాణి అంత ఎత్తుకు ఎదిగింది అందులోనే. ఆడేసిన నాటకం మీద పదిహేడేళ్ళ తర్వాత కూడా పని మిగిలే ఉందనుకున్నాడాయన. అదే ఇవాళైతే మొదటి ప్రదర్శన రాత్రే శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, 'బాగుందండీ, నిడివి కాస్త తగ్గించండి' అని బస్సెక్కించేవాళ్ళం.

పరిషత్తులను తిట్టడం తేలిక. నేను వాటిలోనే పెరిగినవాణ్ణి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టాక పౌరాణికాల పక్కన సాంఘిక నాటకానికి చోటు దొరికింది, ఆత్రేయ లాంటివారికి వేదిక దొరికింది. కానీ పోటీకి వెళ్ళే నాటిక ఎలా తయారవుతోందో ఒకసారి చూడండి. గంటలో ముగియాలి. సెట్టు వ్యానులో పట్టాలి. ఆడపాత్ర ఒకటి, మహా అయితే రెండు. ఎందుకంటే ఆర్టిస్టును బయటి ఊరి నుంచి పిలిపించాలి, పారితోషికం ఇవ్వాలి, రానుపోను చార్జీలు ఇవ్వాలి. ఆవిడ అప్పటికే నాలుగు నాటక సమాజాల్లో వేస్తుంటుంది కాబట్టి మనకు రిహార్సల్‌కి దొరికేది ప్రదర్శన ముందు రోజే. అందుకే మన నాటికల్లో అత్తాకోడళ్ళ గొడవ జరిగినా కోడలు ఫోనులోనే ఉంటుంది, స్టేజీ మీదికి రాదు. దీనికి రచయితను ఏమనగలం? అతను ఖర్చు లెక్కేసుకుని రాస్తున్నాడు. చివర్లో ఒక చావు పెడితే మార్కులు పడతాయనే లెక్క కూడా ఉందనుకోండి, దాని జోలికి ఇప్పుడు పోను.

మా సమాజానికి ఈమధ్య ఒక కొత్త రచయిత్రి మిర్చి రైతు ఇంటి కథ తెచ్చింది. మొదటి సీన్లో తండ్రి లోపలికి వస్తూనే రేటు పడిపోయిందనీ, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయనీ, సరుకుకి వాళ్ళిచ్చిన రసీదు బాండు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చాననీ పేజీడు చెబుతాడు. అందరం చుట్టూ కూర్చుని చదువుతున్నాం. ఆ వేషం వేస్తున్నాయన గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసిన మనిషి. చదవడం ఆపి, "అమ్మాయ్, బాండు తాకట్టు పెట్టినవాడు ఇంట్లో రేటు ఊసెత్తడమ్మా. అడిగితే కసురుకుంటాడు" అన్నాడు. ఆ అమ్మాయి మర్నాడే తిరగరాసింది. కోడలు రేషన్ కార్డు కోసం బీరువా వెతుకుతూ, "మామయ్యా, బాండు కనపడట్లేదేంటి?" అంటుంది. "నీకెందుకు?" అంటాడాయన. పేజీ పోయి ఒక్క ముక్క మిగిలింది.

తమాషా ఏమిటంటే, మొదటి ప్రదర్శనలో ఆ "నీకెందుకు"కి జనం పగలబడి నవ్వారు. రచయిత్రి స్టేజీ పక్క తెర చాటున నిలబడి బిక్కమొహం వేసింది. రెండోసారి వాళ్ళ ఊళ్ళోనే, రామాలయం ముందు, సెట్టు లేకుండా రెండు ట్యూబులైట్ల వెలుగులో ఆడాం. ఈసారి బాండు దాచుకునే ప్లాస్టిక్ కవరును ఖాళీగా కోడలి చేతికిచ్చి అడిగించింది. ఒక్కరు నవ్వలేదు. ఈ మార్పు ఏ న్యాయనిర్ణేత కాగితంలోనూ ఉండదు. రెండో ప్రదర్శన ఉంటేనే తడుతుంది.

ఆ రెండోది ఎవరివ్వాలి? 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకాన్ని, వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి దళాలు ఎన్నో ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా వెళ్ళిందంటే ఆ నాటకం ఎంతమందికి చేరిందో ఊహించుకోండి. ఒకే నాటకాన్ని పది జట్లు ఆడటం మనకు కొత్తేం కాదు. ఇప్పుడేమో 'ఇది మా సమాజం నాటిక' అని ప్రతిని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. పక్కనే కర్ణాటకలో, హెగ్గోడు అనే పల్లెలోని నీనాసం నాటక సంస్థవాళ్ళు 1985 నుంచి తిరుగాట పేరుతో ఏటా నాటకాలు తయారుచేసి రాష్ట్రమంతా తిప్పుతున్నారు. మనకు అంత హంగు లేకపోవచ్చు, జిల్లాలో నాలుగు ఊళ్ళు తిప్పలేమా?

పరిషత్తు నిర్వాహకులు చాలామంది ఇక్కడున్నారు కాబట్టి అడుగుతున్నా. ఉత్తమ రచనకిచ్చే డబ్బులో సగం ఆపి, ఆరు నెలల్లోపు ఆ నాటిక మరోచోట ఆడితే ఇవ్వండి. ఆడేది అదే సమాజం కానక్కర్లేదు. సమాజాలవాళ్ళు రచయితను శాలువా రోజున కాదు, రిహార్సల్ మొదటి రోజున పిలవండి. మాట మార్చాలంటే అతన్నడిగి మార్చండి. రచయితలూ, మీరు మాత్రం ఒక్క సమాజానికే శాశ్వతంగా రాసిచ్చెయ్యకండి. ఏడాదికి ఇవ్వండి, ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ ఇవ్వండి. యూనివర్సిటీల రంగస్థల శాఖల్లో పిల్లలు ఆడటానికి నాటకాల కోసం వెతుక్కుంటున్నారు, వాళ్ళకీ పంపండి.

మా వంతుగా వచ్చే నెల నుంచి మొదటి ఆదివారం సాయంత్రాల్లో కొత్త ప్రతులు చదువుకుంటాం. చేతిరాతైనా ఫర్వాలేదు, ఫోనులో కొట్టిందైనా ఫర్వాలేదు, సగమే రాసిందైనా తీసుకురండి. ఒక్కటే షరతు, రచయిత తన నాటకం తాను చదవకూడదు. మా నటులు చదువుతారు, రచయిత నోరు మూసుకుని వింటాడు. ఆడపాత్రలు ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోండి. చదవడానికి వచ్చేవాళ్ళకి చార్జీలు మేమిస్తాం.