ఆ రాళ్లు లాగింది మనుషులే

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. పరిచయం చేస్తూ నన్ను ప్రపంచ యాత్రికుడు అన్నారు. అంత లేదండీ, రిటైరయ్యాక ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన ఇరిగేషన్ ఇంజినీరుని, అంతే.

కరపత్రంలో పెరూ దేశపు ఐదు ఊళ్ల పేర్లు వేశారు. పీసాక్, మారస్, మోరే, చించేరో, ఒయాంటైటాంబో. వరసగా చెబుదామనే వచ్చాను. కానీ ఇందాక గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే ఒకాయన, "సార్, అక్కడి పెద్ద రాతి కట్టడాలన్నీ గ్రహాంతరవాసులు కట్టినవట కదా, వాట్సాప్‌లో వీడియో చూశాను" అన్నారు. ఆయన ఇక్కడే కూర్చున్నారు, చూపించను. నాకు ఆయన మీద కోపం లేదు. ఆ వీడియో మీద మాత్రం చాలా ఉంది, దాని సంగతికి వస్తాను.

ముందు చోటు చెప్పాలి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆండీస్ కొండల మధ్య, కుస్కోకి దగ్గర్లో ఉరుబాంబా నది లోయ ఉంది. స్పెయిన్‌వాళ్లు రాకముందు ఆ ప్రాంతాన్ని ఏలిన ఇంకాలకి కుస్కో రాజధాని. ఈ ఐదు ఊళ్లూ ఆ లోయలో, దాని చుట్టుపక్కలే. ఎగువన ఇదే నదిని విల్కనోటా అంటారు. ఈ నీళ్లు చివరికి అమెజాన్‌లో కలిసి అట్లాంటిక్‌కి పోతాయి. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తు, విమానం దిగి పది మెట్లెక్కితే ఆయాసం, తలనొప్పి. అందుకని వెళ్లేవాళ్లు మొదటి రాత్రి కుస్కోలో పడుకోకుండా లోయలోకి దిగిపోండి. ఒయాంటైటాంబో 2,800 మీటర్లే. కోకా ఆకు టీ ఇస్తారు, మొహమాటపడకుండా తాగండి.

పీసాక్‌లో కింద స్పానిష్‌వాళ్ల కాలం నాటి ఊరు, సంత. పైన కొండంతా ఇంకాల మెట్ల పొలాలు, శిథిలాలు. పైదాకా కారులో వెళ్లి నడుస్తూ దిగితే మోకాళ్లు బతుకుతాయి. ఎదురు కొండచరియలో బొరియలు కనిపిస్తాయి, అవి సమాధులు, దొంగలు ఎప్పుడో తవ్వేసుకుపోయారు. ఆ కొండల మీదే కెచువా భాష మాట్లాడే స్థానిక రైతులు కొన్ని వందల రకాల ఆలుగడ్డలు ఇప్పటికీ పండించి కాపాడుతున్నారు. మనం కూర వండుకునే ఆలుగడ్డ పుట్టిల్లు ఆండీస్ కొండలేనండీ. మన అనంతపురం వేరుశనగ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే.

మారస్‌లో ఉప్పు నీటి ఊట ఉంది. ఆ నీళ్లని సన్న కాలువల్లో పంచి, కొండవాలు మీద మూడు వేలకు పైగా మడులు కట్టారు. మడులన్నీ అక్కడి కుటుంబాలవే. నీటి పంపకం చూసి నేను అక్కడే నిలబడిపోయాను. మా గైడు జెండా ఊపుతూనే ఉన్నాడు. ఈ ప్యాకేజీ టూర్ల గురించి ఒక మాట చెప్పాలి. ఇంకాల కొండపట్నం మాచుపిచ్చుకి వెళ్లే రైలు అందుకోవాలన్న టెన్షన్‌లో లోయ మొత్తాన్ని ఫోటో తీసుకునే చోటుగా మార్చేశారు, దిగు, ఫోటో తీసుకో, ఎక్కు. దయచేసి అలా వెళ్లకండి. అక్కడ కొలెక్టివోలని షేర్ వ్యాన్లు తిరుగుతాయి, అవి ఎక్కి మీ తీరిక మీద చూడండి.

చించేరోలో ఇంకాల నాటి గోడల మీదే చర్చి కట్టారు, అక్కడి ఆడవాళ్లు ఒక చిన్న పురుగు నుంచి ఎర్రరంగు తీసి ఉన్నికి అద్దుతారు. ఆ మైదానంలోనే అంతర్జాతీయ విమానాశ్రయం తలపెడితే 2019లో చరిత్రకారులు, పురాతత్వవేత్తలు సంతకాలు పెట్టి వద్దన్నారు. దాని మీద గంటసేపు మాట్లాడగలను, వద్దులెండి.

ఇప్పుడు వీడియో సంగతి. ఒయాంటైటాంబో కొండ మీద ఆరు పెద్ద రాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోటి పదుల టన్నులు. గని ఎక్కడుందో తెలుసా? నదికి అవతలి ఒడ్డున, కొండ మీద, కచికాటా అనే చోట. కొన్ని కిలోమీటర్ల దూరం. కొండ దించాలి, నది దాటించాలి, మళ్లీ ఇటు కొండ ఎక్కించాలి. ఇనుము లేదు, బండి చక్రం లేదు. "చూశారా, మనుషుల వల్ల కాదు" అంటుంది వీడియో. అయ్యా, ఆ దారి ఇప్పటికీ ఉంది! గని నుంచి కిందికి వేసిన బాట ఉంది. దారి పొడవునా సగంలో వదిలేసిన రాళ్లు పడి ఉన్నాయి, అలసిపోయిన రాళ్లంటారు వాటిని. ఈడ్చిన గీతలు రాతి మీద కనిపిస్తాయి. బర్క్‌లీలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ జాన్ పియర్ ప్రోట్జెన్ 1980లలో అక్కడ అంగుళం అంగుళం కొలిచాడు, నదిలో దొరికే గుండ్రాళ్లతో తనే రాయి చెక్కి చూపించాడు. పై లోకం వాళ్లే కడితే పని మధ్యలో రాళ్లు వదిలేసి పోతారా చెప్పండి?

రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం ఉంది. దాన్ని ఆకాశం నుంచి ఎవరో వచ్చి కట్టారని ఒక విదేశీ వీడియో చెబితే మనం ఊరుకుంటామా? మరి అక్కడివాళ్లు ఎందుకు ఊరుకోవాలి? ఆ రాళ్లు లాగినవాళ్ల మనవలు, మునిమనవలు ఆ ఊళ్లోనే ఉన్నారు, కెచువా మాట్లాడుతున్నారు, ఇంకాల నాటి గోడల మధ్యే కాపురాలు చేస్తున్నారు. సందు పక్కన అప్పటి రాతి కాలువలో పటకాంచా వాగు నీళ్లు ఈ రోజుకీ పారుతున్నాయి. పూడిక తీసేవాడు లేకపోతే ఏ కాలువా అన్నేళ్లు పారదు, నా సర్వీసంతా నేను చూసింది అదే.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, చీటీ అందింది. స్పెయిన్‌వాళ్ల మీద తిరగబడిన ఇంకాల రాజు మాంకో, కుస్కోని ముట్టడించిన రోజుల్లో ఈ ఒయాంటైటాంబోలోనే మకాం పెట్టాడు. 1537 మొదట్లో స్పెయిన్ సేనాని హెర్నాండో పిజారో గుర్రాలతో మీదికొచ్చాడు. మెట్ల పొలాల మీంచి బాణాలు, రాళ్లు. ఆ పైన మాంకో మనుషులు కాలువల నీళ్లు మైదానంలోకి మళ్లించారు. గుర్రాలు బురదలో దిగబడ్డాయి, పిజారో రాత్రికి రాత్రి వెనక్కి పోయాడు. నీళ్లు వదిలి యుద్ధం గెలిచిన ఇరిగేషన్ వాళ్లండీ! మా డిపార్ట్‌మెంటులో ఎవరికీ ఈ కథ తెలియదు. ఆ తర్వాత మాంకో అడవుల్లోకి, విల్కబాంబాకి తరలిపోయాడు. అక్కడి ఇంకాల రాజ్యం 1572 దాకా నిలిచింది.

మోరే మిగిలిపోయింది. అక్కడి గుండ్రటి మెట్ల పొలాల గురించి అడగాలనుకున్నవాళ్లు టీ దగ్గర నన్ను పట్టుకోండి, ఫోటోలు ఫోన్లో ఉన్నాయి. ప్రయాణం పెట్టుకునేవాళ్లు మాత్రం మే, సెప్టెంబరు మధ్య వెళ్లండి, వానలుండవు.